చక్రానికి చోటు: కారు ఎత్తు తగ్గించే ప్రశ్నపై ఒక సమీక్ష

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే సెల్టోస్ బయటికొచ్చింది. 2023 జూలై నాటికి అక్కడ పది లక్షల కార్లు పూర్తయ్యాయి. ఇక్కడ తయారైన తొలి తరం సెల్టోస్‌కు గ్రౌండ్ క్లియరెన్స్ 190 మిల్లీమీటర్లు, సోనెట్‌కు 205. ఈ అంకెలు అమ్మకాల కరపత్రం కోసం పుట్టినవి కావు. ఈ దేశపు రోడ్డు, ఈ దేశపు బరువు, ఈ దేశపు స్పీడ్ బ్రేకర్ చూసి ఇంజనీర్లు వేసుకున్న లెక్క ఫలితాలివి. అదే కారునో, దానికన్నా తక్కువ ఎత్తున్న స్విఫ్ట్‌నో ముప్పై నలభై మిల్లీమీటర్లు కిందికి దించాలన్న ఆలోచన కుర్రవాళ్లకు రావడం సహజమే. బెంగళూరు జేసీ రోడ్డు హిందూపురానికి పెద్ద దూరం కాదు. అక్కడ స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ అమ్మేవాళ్లకు కొదవ లేదు. కారు కిందికి దిగితే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తగ్గి చూపు మారుతుంది. ఆ ముచ్చటను తప్పుపట్టను. ఎత్తు తగ్గిస్తే మలుపుల్లో పట్టు పెరుగుతుందనీ, దానికి కొంచెం సుఖం వదులుకుంటే చాలనీ చెప్పే మాటను మాత్రం పరీక్షించాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరిగే బండికి ఆ లెక్క సరిపోదనీ, ఇక్కడ సుఖమూ పట్టూ ఒకదాన్నొకటి తినే శత్రువులు కావనీ నా వాదన. రెండూ బతికేది చక్రం పైకీ కిందికీ కదలడానికి మిగిలిన చోటు మీదే.

ముందు ఎత్తు తగ్గించడం వల్ల వచ్చే లాభాన్ని న్యాయంగా ఒప్పుకోవాలి. కారు మలుపు తిరిగేటప్పుడు బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారుతుంది. ఎంత మారుతుందన్నది గరిమనాభి ఎత్తు మీదా, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మీదా ఆధారపడి ఉంటుంది. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే నాలుగు టైర్లూ బరువును దాదాపు సమానంగా పంచుకున్న కారుకు మొత్తం పట్టు ఎక్కువ. గరిమనాభి దిగితే బరువు మారడం తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. సూత్రంలో తప్పేమీ లేదు. అంకెలు పెట్టి చూస్తే మాత్రం లాభం ఎంత చిన్నదో తెలుస్తుంది. ఒక కారు గరిమనాభి నేలకు 600 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. కారును 30 మిల్లీమీటర్లు దించితే బరువు మారడం తగ్గేది ఎక్కువలో ఎక్కువ నూటికి అయిదు పాళ్లు. చక్రాలు, బ్రేకులు, యాక్సిల్ దిగవు కాబట్టి నిజానికి ఆ అయిదు కూడా పూర్తిగా రాదు. అరిగిన టైర్లు తీసేసి మంచి రబ్బరున్న టైర్లు వేస్తే తడి రోడ్డు మీద వచ్చే తేడా దీనికన్నా చాలా పెద్దది.

ఆ చిన్న లాభాన్ని కూడా తినేసే విషయం ఒకటుంది. మన దగ్గర తిరిగే చిన్న, మధ్యతరహా కార్లలో దాదాపు అన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్. సెల్టోస్‌దీ అదే అమరిక. ముందు చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ కంపెనీ ఎత్తులో చక్రం వైపు కొంచెం వాలి ఉంటుంది. కారు దిగితే ఆ వాలు పోతుంది, ఇంకా దిగితే ఎదురు తిరుగుతుంది. అప్పుడు బాడీ పక్కకు వాలేందుకు ఇరుసులా పనిచేసే ఊహా బిందువు, రోల్ సెంటర్, గరిమనాభి కన్నా వేగంగా కిందికి జారుతుంది. రెండింటి మధ్య దూరమే బాడీని వాల్చే చేతి పొడవు. అంటే కారు దిగిన కొద్దీ, స్ప్రింగు గట్టిపడకపోతే, మలుపులో అది ఇంకా ఎక్కువ వాలవచ్చు. చూడ్డానికి నేలకు అతుక్కున్నట్టున్న కారు మొదటి మలుపులోనే ఒరిగిపోవడానికి కారణం ఇదే. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కోణం కూడా దీంతోపాటే మారుతుంది. గుంతలో చక్రం పైకి లేచినప్పుడల్లా అది తనంతట తాను కొంచెం పక్కకు తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పకపోయినా బండి దారి వెతుక్కుంటున్నట్టు అనిపించేది అప్పుడే. టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారి టైరు లోపలి అంచు అరిగిపోయాక చాలామంది టైరు కంపెనీని తిడతారు.

అసలు నష్టం చక్రం కదిలే చోటులో ఉంది. బరువు నింపకుండా నిలబెట్టిన కారులో చక్రం పైకి కదలడానికి, బంప్ స్టాపర్ రబ్బరు గట్టిగా నొక్కుకునేదాకా, 80 మిల్లీమీటర్లు మిగిలి ఉందనుకుందాం. 30 దించితే మిగిలేది 50. రోడ్డు మాత్రం మారలేదు, గుంత లోతూ మారలేదు. ఆ గుంత చక్రానికి ఇచ్చే శక్తిని ఇప్పుడు 80కి బదులు 50 మిల్లీమీటర్లలోనే పీల్చుకోవాలి. స్ప్రింగు పీల్చే శక్తి దాని గట్టితనానికీ, నొక్కుకున్న దూరం వర్గానికీ అనులోమంగా ఉంటుంది. కాబట్టి 50 మిల్లీమీటర్లలో అదే శక్తిని ఆపాలంటే స్ప్రింగు రెండున్నర రెట్లకు పైగా, కచ్చితంగా 2.56 రెట్లు, గట్టిగా ఉండాలి. బాడీ ఊగే వేగం దాని వర్గమూలం ప్రకారం, అంటే 1.6 రెట్లు, పెరుగుతుంది. సెకనుకు 1.3 సార్లు ఊగే సుఖమైన కారు సెకనుకు రెండుసార్లకు పైగా ఊగే కారవుతుంది.

సెకనుకు ఒక ఊపు అంటే ఒక హెర్ట్జ్. ఈ రెండు హెర్ట్జ్ అంటే ఈ ఊళ్ల మధ్య ఏమిటో చూడాలి. పాతబడిన తారు రోడ్డు మీద అయిదు మీటర్లకొక అల ఉందనుకుందాం. 1.3 హెర్ట్జ్ కారు ఆ అలలకు శ్రుతి కలిసి ఎగిరేది గంటకు 23 కిలోమీటర్ల వేగంలో. ఆ వేగాన్ని డ్రైవరు రెండో గేరులోనే దాటేస్తాడు. గట్టిపరిచిన కారు అదే అలలకు ఎగిరేది 36, 37 కిలోమీటర్ల దగ్గర. పల్లెల గుండా పోయే దారిలో, ముందు ఎద్దుల బండో గొర్రెల మందో ఉన్నప్పుడు, గంటల తరబడి నడిపే వేగం సరిగ్గా అదే. నిలువు కుదుపుల్లో 4 నుంచి 8 హెర్ట్జ్ వరకు ఉన్నవి మనిషి ఒంటికి ఎక్కువ బాధ కలిగిస్తాయని ప్రయోగాలు చెబుతున్నాయి. స్ప్రింగు గట్టిపడేకొద్దీ కారు ఆ పరిధికే జరుగుతుంది. మరీ మెత్తగా ఉంటే మేలా అంటే అదీ కాదు. అర హెర్ట్జ్ కన్నా తక్కువ ఊపు పడవ ప్రయాణంలా కడుపులో తిప్పుతుంది. సుఖం అంటే మెత్తదనం కాదు. ఒక కొలతకు లోబడిన కదలిక అది.

2.56 రెట్లు గట్టి స్ప్రింగు ఎవరూ వేయరు కదా, బజారులో దొరికేవి పాతవాటి కన్నా కొంచెమే గట్టిగా ఉంటాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ప్రమాదం అక్కడే ఉంది. స్ప్రింగు పాతిక పాళ్లే గట్టిపడి చోటు మాత్రం మూడో వంతుకు పైగా పోతే, మిగిలిన శక్తిని ఆపే పని బంప్ స్టాపర్ రబ్బరు మీద పడుతుంది. రబ్బరు మీదికి వెళ్లిన క్షణంలో ఆ చక్రం దగ్గర గట్టితనం ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరుగుతుంది. నేరుగా పోతున్నప్పుడు అది ధడేల్‌మన్న చప్పుడు, నడుముకు దెబ్బ. మలుపులో, బయటి చక్రం అప్పటికే సగం నొక్కుకుని ఉన్నప్పుడు గుంత తగిలితే ఆ ఒక్క టైరు మీద బరువు అమాంతం పెరిగి పట్టు జారిపోతుంది. ముందు చక్రమైతే బండి మలుపు తిరగనని మొండికేస్తుంది. వెనకదైతే తోక విసురుతుంది. హ్యాండ్లింగ్ కోసం చేసిన పని హ్యాండ్లింగ్‌నే దెబ్బతీసే చోటు ఇది. సుఖం, పట్టు రెండూ ఒకే క్షణంలో ఒకే కారణంతో పోతున్నప్పుడు ఒకటిచ్చి ఇంకొకటి కొన్నామనడంలో అర్థం లేదు.

షాక్ అబ్జార్బర్ సంగతి ఇంకా తక్కువ మంది పట్టించుకుంటారు. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, షాక్ అబ్జార్బర్ దాన్ని వేడిగా మార్చి ఖర్చు చేస్తుంది. ఊపు ఎంత త్వరగా ఆగాలన్నది రెండింటి జోడు మీద ఉంటుంది. స్ప్రింగును 2.56 రెట్లు గట్టిపరిచి పాత షాకులే ఉంచితే ఊపును అదుపు చేసే నిష్పత్తి 1.6 రెట్లు పడిపోతుంది. 0.3 ఉన్నది 0.19 దగ్గరికి వస్తుంది. ఒక గుంతకు ఒకసారి ఊగి ఆగే కారు రెండు మూడుసార్లు గెంతుతుంది. పైగా షాక్ అబ్జార్బర్ రాడ్డు ఎప్పుడూ కిందికి నొక్కుకుని పనిచేయడంతో అది త్వరగా అలసిపోతుంది. స్ప్రింగు మార్చి షాకులు మార్చకపోవడం సగం పని కాదు, తప్పు పని.

అన్నిటికన్నా చవకైనదీ, చెడ్డదీ స్ప్రింగు కోయడం. కాయిల్ స్ప్రింగు గట్టితనం చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే గట్టితనం నూటికి ఇరవై పాళ్లే పెరుగుతుంది, ఎత్తు మాత్రం చాలా దిగిపోతుంది. పైన వేసిన లెక్క అడిగిన గట్టితనంలో ఇది ఏ మూలకూ చాలదు. కోసిన చివర దాని పళ్లెంలో సరిగ్గా కూర్చోదు. చక్రం గుంతలోకి పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జరుగుతుంది. గ్యాసు మంటతో వేడిచేసి కుంగదీస్తే ఉక్కు పదునే పోతుంది, కొన్నాళ్లకు ఒక పక్క ఇంకా కుంగుతుంది. ఈ రెండు పద్ధతుల విషయంలో నాకు సందేహం లేదు, సర్దుబాటూ లేదు. కుటుంబం ఎక్కే బండికి ఇవి చేయకూడదు.

సుఖమూ పట్టూ కలిసి ఉండగలవని ఆటోమొబైల్ చరిత్ర ఎప్పుడో చూపింది. రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో కాడిలాక్‌కు వెళ్లిన మారిస్ ఓలీ ముందు స్ప్రింగులు వెనకవాటికన్నా మెత్తగా ఉండాలని నిరూపించాడు. గుంత మొదట ముందుచక్రాలకు, చిటికెడు ఆలస్యంగా వెనకచక్రాలకు తగులుతుంది. వెనక ఊపు కొంచెం వేగంగా ఉంటే అది ముందు ఊపును అందుకుని బండి ముక్కు, తోక ఒకదానికొకటి ఎదురు ఊగకుండా సమంగా లేచి దిగుతుంది. ముక్కు దించాలని ముందు స్ప్రింగులు మాత్రమే మార్చేవాళ్లు తొంభై ఏళ్లనాటి ఈ పాఠాన్ని చెరిపేస్తున్నారు. రేసు కార్లతోనే పేరు తెచ్చుకున్న కాలిన్ చాప్‌మన్ 1962 నాటి లోటస్ ఎలాన్‌కు మెత్తని స్ప్రింగులు, చక్రానికి బోలెడు చోటు, బాగా కుదిర్చిన షాక్ అబ్జార్బర్లు ఇచ్చాడు. ఇప్పటికీ హ్యాండ్లింగ్‌కు ఉదాహరణగా చెప్పే కార్లలో అదొకటి. మన దేశంలోనే మహీంద్రా 2021లో తెచ్చిన ఎక్స్‌యూవీ 700లో కుదుపు వేగాన్ని బట్టి తన గట్టితనం మార్చుకునే షాక్ అబ్జార్బర్లు పెట్టింది. ఎత్తైన బండికి సుఖం, అదుపు రెండూ కావాల్సి వచ్చినప్పుడు ఇంజనీర్లు చేయిపెట్టింది షాక్ అబ్జార్బర్ లోపల. నేలకూ బండికీ మధ్యనున్న ఎడాన్ని వాళ్లు తగ్గించలేదు.

రేసు కార్లు నేలను రాసుకుంటూ ఎందుకు పోతాయన్నది బలమైన అభ్యంతరమే. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరిగెత్తే కారుకు స్పీడ్ బ్రేకర్ లేదు, గుంత లేదు, డిక్కీలో సామాను లేదు. నున్నటి తారు మీద చక్రానికి పెద్ద చోటు అక్కర్లేదు కాబట్టి ఆ చోటును అమ్మి గరిమనాభిని దించుకోవడం లాభమే. కానీ అదే దక్షిణాదిలో, చిక్కమగళూరు కాఫీ తోటల మట్టిదారుల్లో ర్యాలీ నడిపేవాళ్లు కారును పైకి లేపుతారు, చక్రానికి మరింత చోటు ఇస్తారు. వాళ్లు సుఖం కోసం పోటీకి రాలేదు. సెకన్ల కోసం వచ్చారు. గరుకు నేల మీద చక్రం నేలను వదలకుండా ఉంటేనే స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ మూడూ పనిచేస్తాయి. పల్లె రోడ్డు ట్రాక్‌కు దగ్గరో, ర్యాలీ దారికి దగ్గరో చెప్పడానికి ఆలోచించనక్కర్లేదు.

హైవే మాటేమిటని ఇంకొకరు అడుగుతారు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండ పక్క నుంచే వెళ్తుంది. వారానికోసారి బెంగళూరు వెళ్లొచ్చే ఉద్యోగికి ప్రయాణంలో ఎక్కువ భాగం దాని మీదే గడుస్తుంది. నూరు కిలోమీటర్ల వేగంలో కొంచెం తక్కువ ఎత్తున్న, కుదురైన కారు గాలికీ లేన్ మార్పుకూ నిబ్బరంగా ఉంటుంది. ఈ మాటలో నిజం ఉంది, ఈ వ్యాసంలో నేను ఎక్కువ బరువిచ్చే అభ్యంతరం ఇదే. అయితే హైవే ఎవరి ఇంటి గుమ్మం ముందూ మొదలవదు. హిందూపురం నుంచి లేపాక్షి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎక్కినా, సోమందేపల్లి వైపు వెళ్లి ఎక్కినా, ధర్మవరం నుంచి దిగివచ్చి ఎక్కినా, ముందు ఊళ్లు దాటాలి. కారు ఎంత దిగవచ్చో తేల్చేది ఆ దారిలో అన్నిటికన్నా చెడ్డ వంద మీటర్లు. తక్కిన దారి ఎంత బాగున్నా ఆయిల్ సంపు పగలడానికి ఆ వంద మీటర్లు చాలు.

ఆ వంద మీటర్లలో స్పీడ్ బ్రేకర్ ముఖ్యం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ నంబరు మార్గదర్శకాల ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థపు వంపుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటేలా ఉండాలి. 2.61 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారు దాని నడినెత్తిన నిలిస్తే ముందు, వెనక చక్రాలు కూడా ఆ గుబ్బ మీదే ఉంటాయి. కారు కడుపు కిందికి పొడుచుకొచ్చే ఎత్తు అయిదు సెంటీమీటర్లే. 120 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉన్న కారు కూడా దాన్ని హాయిగా దాటుతుంది. అదే వీధివాళ్లు తమ పిల్లల భద్రత కోసం కాంక్రీటుతో పోసుకున్న, అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున్న దిమ్మె అయితే ముందు చక్రాలు రెండూ దిగిపోయాక కడుపు కింద మొత్తం 15 సెంటీమీటర్లూ నిలుస్తుంది. ఆ వీధివాళ్ల భయం న్యాయమైనది, కొలతే తప్పు. పంచాయతీలూ పురపాలక సంఘాలూ ఈ కొలతను పాటింపజేస్తే కార్ల ఎత్తు చర్చలో సగం చల్లారుతుంది. అంబులెన్సులో పడుకున్న రోగికి, వెనక సీట్లో కూర్చున్న గర్భిణికి కలిగే మేలు ముందు కార్ల ముచ్చట ఎంత!

బరువు లెక్క కూడా మన జీవితాన్ని బట్టే వేయాలి. పెళ్లికి పోయే కారులో డ్రైవరు ఒక్కడే ఉండడు. ధర్మవరంలో పట్టుచీరల కట్టలు డిక్కీలో పడతాయి, వెనక ముగ్గురు కూర్చుంటారు. వెనక యాక్సిల్ మీద అదనంగా 200 కిలోలు పడ్డాయనుకుందాం. చక్రం దగ్గర గట్టితనం ఒక్కోవైపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లయితే బండి వెనక భాగం 40 మిల్లీమీటర్లు కుంగుతుంది. 163 మిల్లీమీటర్ల క్లియరెన్స్‌తో వచ్చిన స్విఫ్ట్‌ను ముందే 40 దించి, పైన ఈ 40 కూడా పోతే మిగిలేది ఊహించుకోవచ్చు. చక్రం కదిలే చోటైతే దాదాపు అయిపోయినట్టే. కారు దించాక ఒంటరిగా నడిపి చూసి బాగుందనుకున్నవాడు కారును సగమే పరీక్షించాడు.

చట్టం సంగతి చెప్పకుండా ఉండలేం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు జయచంద్ర కేసులో దాన్ని కఠినంగా అన్వయించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలో, ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానానో, రెండూనో విధించవచ్చు. రిజిస్ట్రేషన్ పత్రంలో గ్రౌండ్ క్లియరెన్స్ గడి లేదు కాబట్టి స్ప్రింగు మార్పు దీనికిందికి రాదని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన మీద ప్రాణమూ ఆస్తీ పెట్టడం నాకు సమ్మతం కాదు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు కింద పడుకుని చూసేది ఆ స్ప్రింగునే. మార్పు చేసేవాళ్లు ముందే బీమా కంపెనీకి, రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా చెప్పి జవాబు తీసుకోవాలి.

మరి సమతూకం ఎక్కడ? హ్యాండ్లింగ్ కావాలనుకునే యజమాని డబ్బు ముందు టైర్లకు పోవాలి, తర్వాత అరిగిన బుష్‌లకూ లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్లకూ, ఆ తర్వాత మంచి షాక్ అబ్జార్బర్లకు. యాభై అరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారుకు ఇవి మూడూ చేసి, వీల్ అలైన్‌మెంట్ సరిగ్గా చేయిస్తే కొత్త కారు నడిపినట్టుంటుంది. ఒక్క మిల్లీమీటరూ దించనక్కర్లేదు. ఇంకా వాలు తగ్గాలంటే కొంచెం లావైన యాంటీ రోల్ బార్ మేలు. అది మలుపులో పనిచేస్తుంది, రెండు చక్రాలూ కలిసి గుబ్బ ఎక్కినప్పుడు అడ్డురాదు. పక్కగోడ తక్కువున్న టైర్లతో పెద్ద రిమ్ముల మోజు మాత్రం వద్దు. 215/60 టైరు పక్కగోడ 129 మిల్లీమీటర్లు, 225/45ది 101. ఆ పోయిన 28 మిల్లీమీటర్లు కూడా సస్పెన్షనే, గుంత మొదట తగిలేది దానికే.

ఇంత చెప్పినా దించాలనే అనుకునేవాళ్లు తమ కారుకు ఎంత చోటు మిగిలి ఉందో కొలవాలి. షాక్ అబ్జార్బర్ రాడ్డు మీద, దుమ్ము తొడుగు కింద, బిగుతైన చిన్న రబ్బరు రింగు తొడిగి, అయిదుగురితో, నిండు సామానుతో, రోజూ పోయే దారిలోనే హిందూపురం నుంచి పెనుకొండ, అక్కడి నుంచి ధర్మవరం నడపాలి. చక్రం ఎక్కువలో ఎక్కువ ఎంత పైకి వచ్చిందో ఆ రింగు జరిగిన చోటు చూపుతుంది. అక్కడి నుంచి బంప్ స్టాపర్‌కు పదిహేను మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే ఆ కారును దించకూడదు. ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువను మించకుండా దించవచ్చు, స్ప్రింగుతోపాటు దానికి జోడైన షాకులు వేసి, అలైన్‌మెంట్ చేయించి, రింగును మళ్లీ తొడిగి అదే దారిలో ఇంకోసారి నడిపి చూసుకోవాలి.